గుంటూరు, విజయవాడ కొండల కింద ఏముంది: భూభౌతిక సర్వే చేసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

గుంటూరు, పల్నాడు, ఎన్టీఆర్ జిల్లాల్లో జియాలజీ, జియోఫిజిక్స్ ప్రాజెక్టులు చేస్తున్న పీజీ విద్యార్థులు తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "గ్రావిటీ, మాగ్నెటిక్ సర్వే చేసి భూపటలం లోతుల గురించి చెప్పాలంటే ఏది ముందు, ఏది తర్వాత?" గ్రావిటీ సర్వే భూమి ఆకర్షణలోని చిన్న తేడాలను, మాగ్నెటిక్ సర్వే అయస్కాంత క్షేత్రంలోని తేడాలను కొలుస్తుంది. పరికరం చేతికొచ్చిన మర్నాడే ఫీల్డుకి వెళ్లిపోవడం మామూలే. ఆ తర్వాత నెలల తరబడి అంకెలతో కుస్తీ పడుతుంటారు.

మొదట కొలవాల్సింది రాయిని. కొండపల్లి, మంగళగిరి, కొండవీడు కొండల్లో దొరికే చార్నకైట్, ఖొండలైట్ ఒకప్పుడు ఎన్నో కిలోమీటర్ల లోతున, 700 డిగ్రీలు దాటిన వేడిలో మార్పు చెందిన రాళ్లు. ఆ మార్పు జరిగి సుమారు 160 కోట్ల ఏళ్లయింది. మిగతా చోట్ల బోరు వేసినా అందని భూపటలపు అడుగుభాగం ఇక్కడ రోడ్డు పక్క క్వారీలోనే దొరుకుతుంది. దాని సాంద్రతను మనం స్వయంగా కొలిస్తే, రేపు మోడల్లో ఇరవై కిలోమీటర్ల కింద వేసే అంకెకు ఆధారం ఉంటుంది. లేకపోతే అది ఊహే. ఈ వ్యాసంలోని అంచెలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ అమర్చినవే.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"కింద ఏముంది" అనే ప్రశ్నతో సర్వే చేయలేం. ఎంత లోతున, దేని గురించి అన్నది తేలాలి. మన ప్రాంతంలో ప్రశ్నలు ఎక్కువగా మూడు రకాలు.

- డెల్టా మట్టి కింద గట్టి రాయి ఎంత లోతున ఉంది? ఇది వందల మీటర్ల నుంచి కొన్ని కిలోమీటర్ల దాకా. దీనికి గ్రావిటీ, మాగ్నెటిక్ ప్రధానం.
- చార్నకైట్ కొండ లోపలికి ఎంత దూరం దిగింది, ఎటు వాలింది? ఇది పది కిలోమీటర్ల లోపు. గ్రావిటీ, మాగ్నెటిక్‌తో పాటు ఎంటీ (లోపలి విద్యుత్ నిరోధాన్ని చూసే పద్ధతి) కూడా కావాలి.
- భూపటలం మందమెంత, మోహో (భూపటలం అడుగు హద్దు) ఎక్కడుంది? ఈ వైపు అది సుమారు 35 నుంచి 40 కిలోమీటర్లు. భూకంప తరంగాల డేటా లేకుండా ఈ ప్రశ్న జోలికి వెళ్లవద్దు.

బోరు పాయింటు చూసే రెసిస్టివిటీ మిషనుతో ఇదంతా చేయలేమా అని చాలామంది అడుగుతారు. అది మామూలుగా వంద, రెండు వందల మీటర్ల పని. పైన ఉన్న మెత్తబడిన రాయి మందం తెలుసుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

2. ఉన్న డేటాను ముందు పోగు చేయండి

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి భూకోశ్ పోర్టల్లో 1:50,000 స్కేలు జియాలజీ మ్యాపులు దొరుకుతాయి. వారి నేషనల్ జియోఫిజికల్ మ్యాపింగ్ కార్యక్రమం కింద సేకరించిన గ్రావిటీ, మాగ్నెటిక్ డేటా మీ షీట్లకు ఉందేమో కూడా చూడండి. విజయవాడ, కొండపల్లి పాత టోపోషీట్ నంబరు 65డి/10. గుంటూరు, కొండవీడులది 65డి/7.

ఎత్తుల కోసం నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వారి భువన్ పోర్టల్లోని కార్టోడెమ్ (ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన ఎత్తుల డేటా) తీసుకోండి. అది కొండల సవరణకు (చుట్టూ ఉన్న కొండల ఆకర్షణను సరిచేయడానికి) సరిపోతుంది కానీ స్టేషను, అంటే కొలిచే చోటు, ఎత్తుకు పనికిరాదు. అందులో కొన్ని మీటర్ల తప్పు మామూలే.

లోతుల కోసం పాత డీప్ సీస్మిక్ లైన్ల (పేలుళ్ల తరంగాలతో లోతు కొలిచిన లైన్లు) ఫలితాలు వెతికి పట్టుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) చేసిన కావలి–ఉడుపి లైను, ఆలంపూర్–కోనికి–గణపేశ్వరం లైను మనకు దగ్గరివి. మీ గ్రావిటీ మోడల్లో కనీసం ఒక చోటైనా మోహో లోతు ఇలాంటి దాని నుంచి రావాలి.

ఒక జాగ్రత్త. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలకు ఆధారంగా తీసుకునే భూమి నమూనా) మీద ఉంటాయి, జీపీఎస్ డబ్ల్యూజీఎస్84 మీద పనిచేస్తుంది. రెండూ కలిపేస్తే స్థానం నూరు మీటర్లకు పైగా జరుగుతుంది. అన్నిటినీ మొదటే డబ్ల్యూజీఎస్84, యూటీఎం 44 ఉత్తర జోనులోకి మార్చి పెట్టుకోండి.

3. రాళ్లు కొలవండి

చాలా ప్రాజెక్టుల్లో ఒక్క పూటలో ముగించే పని ఇది. నా లెక్కలో దీనికి వారం కేటాయించినా తప్పులేదు.

నమూనాలు క్వారీల నుంచి తీసుకోండి. కొండ పైభాగంలో వందల ఏళ్లుగా ఎండకూ వానకూ నానిన రాయి సాంద్రత తక్కువ చూపిస్తుంది. కంకర క్వారీలో కొత్తగా పగలగొట్టిన ముఖం కావాలి. తాజా చార్నకైట్ ముదురు ఆకుపచ్చ, బూడిద రంగు కలిసి నూనె రాసినట్టు మెరుస్తుంది. గోధుమరంగు పొర కనిపిస్తే దాన్ని సుత్తితో కొట్టి తీసేయండి. ఖొండలైట్‌లో ఎర్రటి గార్నెట్ గింజలు కంటికి కనిపిస్తాయి. అయితే అది తొందరగా మెత్తబడే రాయి కాబట్టి మంచి నమూనా కోసం ఎక్కువ తిరగాల్సి వస్తుంది. క్వారీలో బ్లాస్టింగ్ ఏ వేళకో మేస్త్రీని అడిగి, ఆ సమయానికి బయట ఉండండి.

ఒక్కో రకం రాయికి కనీసం 15, 20 నమూనాలు, పిడికిలి కంటే పెద్దవి, వేర్వేరు చోట్ల నుంచి తీసుకోండి. ఒకే క్వారీలో ఇరవై తీస్తే అది ఒక్క నమూనా కిందే లెక్క.

సాంద్రత కొలవడం తేలిక. రాయిని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి గాలిలో తూచండి. తర్వాత దారంతో వేలాడదీసి నీళ్లలో ముంచి తూచండి. గాలిలో బరువును ఆ రెండు బరువుల తేడాతో భాగిస్తే సాంద్రత వస్తుంది. గాలిలో 840 గ్రాములు, నీళ్లలో 540 గ్రాములు తూగితే తేడా 300, సాంద్రత 2.80.

ఈ రేంజిలో విలువలు రావాలి (గ్రాములు, ఘన సెంటీమీటరుకు):

- గ్రానైట్, గ్రానైట్ నైస్: 2.60 నుంచి 2.70
- చార్నకైట్: 2.65 నుంచి 2.90, రకాన్ని బట్టి
- ఖొండలైట్: 2.70 నుంచి 2.90
- పల్నాడు సున్నపురాయి: 2.65 నుంచి 2.75
- కొండపల్లి గాబ్రో: 2.90 నుంచి 3.10. అక్కడి పైరాక్సినైట్ ఇంకా బరువు.
- డెల్టా మట్టి, ఇసుక: 1.80 నుంచి 2.20

విలువ ఈ హద్దులు దాటితే మళ్లీ తూచండి. రాయికి పగుళ్లుండి గాలి బుడగలు నిలిచిపోయి ఉండొచ్చు, లేదా రాయి పేరే తప్పయి ఉండొచ్చు.

అదే నమూనాల మీద చేతి మీటరుతో అయస్కాంత ససెప్టిబిలిటీ (రాయి ఎంత తేలికగా అయస్కాంతంగా మారుతుందన్నది) కూడా తీసుకోండి. ఒక్కో రాయికి పది రీడింగులు తీసి మధ్య విలువ రాయండి, సగటు వద్దు. మాగ్నటైట్ గింజ ఒకటి మీటరు కిందికొస్తే సగటు పాడవుతుంది. చార్నకైట్ చాలాసార్లు ఖొండలైట్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చూపిస్తుంది. సాంద్రతలో దగ్గరదగ్గరగా ఉన్న ఈ రెండు రాళ్లను మాగ్నెటిక్ సర్వే విడదీయగలిగేది ఈ తేడా వల్లే.

4. లైను గీయండి

తూర్పు కనుమల రాళ్లు ఇక్కడ ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. లైను వాటిని అడ్డంగా కోయాలి, అంటే వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వెళ్లాలి. విజయవాడ నుంచి ఒంగోలు హైవే వెంట స్టేషన్లు పెడితే పని సుఖమే, కానీ అది చాలా దూరం రాళ్ల వెంబడే నడుస్తుంది. ఎంత కొలిచినా మార్పు కనిపించదు.

మంచి లైను కావాలంటే పిడుగురాళ్ల, సత్తెనపల్లి, గుంటూరు, తెనాలి, రేపల్లె చూడండి. రోడ్డు అటూఇటూ తిరిగినా మొత్తం మీద దిశ సరిగ్గా ఉంటుంది. తిన్నగా కొలిస్తే సుమారు 110 కిలోమీటర్లు. పల్నాడు సున్నపురాయి మీద మొదలై, నైస్ దాటి, పేరేచర్ల, కొండవీడు వైపు చార్నకైట్, ఖొండలైట్ కొండల పక్కగా వచ్చి, నల్లరేగడి మీదుగా డెల్టాలోకి దిగుతుంది. ఒక్క లైనులో ఇన్ని రకాల నేల దొరకడం అరుదు.

స్టేషన్ల మధ్య మామూలుగా ఒక కిలోమీటరు. రాయి మారే చోట్ల, కొండ పాదాల దగ్గర 250 నుంచి 500 మీటర్లు.

లైను పొడవు లోతుకు కనీసం నాలుగైదు రెట్లుండాలి. 38 కిలోమీటర్ల మోహోకి 110 కిలోమీటర్లు చాలవు. కాబట్టి రెండు చివర్లా సర్వే సంస్థల గ్రిడ్ డేటాతోనో, ఉపగ్రహ గ్రావిటీ మోడళ్లతోనో లైనును పొడిగించండి. పొడిగించిన భాగం పటంలో వేరే రంగులో చూపించండి.

5. ఊరివాళ్లతో ముందు మాట్లాడండి

రాజధాని ప్రాంతంలో ట్రైపాడ్ పెట్టి నిలబడితే భూమి తీసుకుంటారేమోనన్న టెన్షన్ రైతుకు సహజం. కొండవీడు పక్కన పల్లెల్లో లంకెబిందెల కోసం వచ్చారా అని అడుగుతారు. ఈ రెండు భయాలనూ గౌరవించాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద తెలుగులో ఒక పేజీ రాసుకుని సర్పంచ్‌కీ, వీఆర్వోకీ ముందు రోజే ఇవ్వండి. పరికరం ఏం కొలుస్తుందో రెండు ముక్కల్లో చెప్పండి. కొండపల్లి, కొండవీడు అడవిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

కాలం విషయానికొస్తే, వరి కోతలయ్యాక డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచిది. మిర్చి చేలల్లో కోతలు నడుస్తుంటే గట్ల మీదే ఉండండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పెట్టుకోవద్దు. మనుషులకూ కష్టమే, గ్రావిమీటరు డ్రిఫ్టూ (రీడింగు దానంతటదే జరిగిపోవడం) పెరుగుతుంది.

6. గ్రావిటీ: ఎక్కువ జాగ్రత్త ఇక్కడే

మనం వెతికే తేడాలు కొన్ని మిల్లీగాల్‌లు (ఆకర్షణను కొలిచే చిన్న యూనిట్). భూమి ఆకర్షణ మొత్తం 9,78,000 మిల్లీగాల్‌ల పైన. అందుకే ప్రతి చిన్న తప్పూ లెక్కలోకొస్తుంది.

బేస్ స్టేషన్. రైలు, లారీ అదురు లేని గట్టి నేల మీద, రోజూ వెళ్లగలిగే చోట పెట్టండి. రాతి పునాదిపై కట్టిన పాత గుడి అరుగు, స్కూలు మెట్టు లాంటివి బాగుంటాయి. ప్రకాశం బ్యారేజీ, వంతెనలు, అపార్టుమెంటు పై అంతస్తులు పనికిరావు. ఈ బేస్‌ను విలువ తెలిసిన అంతర్జాతీయ నెట్‌వర్కు స్టేషనుకు కలపండి.

డ్రిఫ్ట్. రెండు మూడు గంటలకోసారి బేస్‌కు తిరిగి వచ్చి రీడింగు తీయాలి. 9 గంటలకు ఉన్న రీడింగు 12 గంటలకు 0.060 పెరిగిందనుకోండి. 10 గంటలకు తీసిన స్టేషను నుంచి 0.020, 11 గంటలది అయితే 0.040 తీసేయాలి. దూరం ఎక్కువై తిరిగి రావడం కుదరకపోతే మధ్యలో చిన్న బేస్‌లు పెట్టి వాటిని గొలుసులా కలపండి.

సమయం. కొత్త తరం గ్రావిమీటర్లు చంద్రుడు, సూర్యుడి లాగుడును వాటంతట అవే సరిచేస్తాయి. దానికి సమయ తేడా 5 గంటల 30 నిమిషాలుగా, సరైన గుర్తుతో పెట్టాలి. గుర్తు తిరగబడితే సవరణ తప్పు వేళకు పడుతుంది. రోజంతా బేస్ రీడింగులు వంకరగా ఎక్కి దిగుతుంటే మొదట చూడాల్సింది ఈ సెట్టింగునే.

ఎత్తు. అసలు కష్టమంతా ఇక్కడే. ఒక మీటరు ఎత్తు తప్పయితే 0.197 మిల్లీగాల్ తప్పవుతుంది, పది సెంటీమీటర్లకు 0.02. ఫోను జీపీఎస్ దీనికి చాలదు. డీజీపీఎస్ (రెండు రిసీవర్లతో తప్పును బాగా తగ్గించే జీపీఎస్) కావాలి, సర్వే ఆఫ్ ఇండియా బెంచిమార్కులతో సరిచూసుకోవాలి. జీపీఎస్ ఇచ్చే ఎలిప్సాయిడ్ (భూమికి లెక్కల్లో వాడే నునుపైన ఆకారం) ఎత్తుకూ సముద్రమట్టపు ఎత్తుకూ మన కోస్తాలో 80 మీటర్లకు అటూఇటూ తేడా ఉంటుంది. సగం స్టేషన్లు ఒకదానితో, సగం ఇంకోదానితో లెక్కిస్తే మధ్యలో 16 మిల్లీగాల్‌ల దొంగ మెట్టు పుడుతుంది. అది చూసి ఫాల్టు గీసినవాళ్లున్నారు. ఉత్తర దక్షిణాల స్థానం మాత్రం అంత పట్టింపు లేదు. ఇక్కడ కిలోమీటరుకు 0.44 మిల్లీగాల్ మారుతుంది కాబట్టి 20 మీటర్ల తప్పుకు 0.01 కూడా రాదు.

కాలువ గట్లు. డెల్టాలో రోడ్లు చాలావరకు గట్ల మీదే నడుస్తాయి. మన లెక్క స్టేషను కింద అనంతంగా పరుచుకున్న పలక ఉందనుకుని చేసేది. సన్నటి గట్టు అలాంటిది కాదు. వీలైతే గట్టు దిగి చేను అంచున పెట్టండి. కుదరకపోతే గట్టు ఎత్తు, వెడల్పు పుస్తకంలో రాసుకోండి, తర్వాత సరిచేయొచ్చు.

ఫీల్డు పుస్తకంలో ప్రతి స్టేషనుకూ ఉండాల్సినవి:

- స్టేషను నంబరు, తేదీ, గడియారం సమయం
- మూడు రీడింగులు, వాటి మధ్య తేడా
- పరికరం నేల నుంచి ఎంత ఎత్తున ఉంది
- జీపీఎస్ ఫైలు పేరు, ఎత్తు ఏ రకం
- 50 మీటర్ల లోపు గుంట, గట్టు, గోడ, కొండవాలు ఉంటే చిన్న బొమ్మ
- కనిపించే రాయి లేదా నేల రకం

పదింట ఒక స్టేషను ఇంకో రోజు మళ్లీ కొలవాలి. రెండు రోజుల తేడాయే మీ సర్వే ఖచ్చితత్వం. పరికరం కంపెనీ ఇచ్చిన అంకెను రిపోర్టులో రాయొద్దు.

7. మాగ్నెటిక్: మన అక్షాంశంలో తిరకాసు

ఇక్కడ భూ అయస్కాంత క్షేత్రం 42 వేల నానోటెస్లాల పైన ఉంటుంది. భూమిలోకి వాలేది 20 డిగ్రీలకు అటూఇటూ మాత్రమే. కాబట్టి అయస్కాంత రాయి ఉన్న చోట ఎక్కువ విలువ వస్తుందని అనుకోకండి. తూర్పు పడమరలుగా సాగే రాయి మీద, కొంచెం ఉత్తరానికి జరిగి, గ్రాఫులో పెద్ద లోయ కనిపిస్తుంది. దక్షిణాన చిన్న గట్టు వస్తుంది. ఐరోపా ఉదాహరణలు చూసి నేర్చుకున్నవాళ్లు ఆ గట్టు మీద తవ్వమంటారు. ఉత్తర దక్షిణాలుగా సాగే డైకులు (గోడల్లా నిలిచిన రాళ్లు) అసలు కనిపించనంత బలహీనంగా ఉండొచ్చు.

డేటాను ధ్రువం దగ్గర కొలిచినట్టుగా మార్చే ఫిల్టరు ఇంత తక్కువ వాలులో దాన్ని ఉత్తర దక్షిణ చారలుగా చీల్చేస్తుంది. దానికి బదులు అనలిటిక్ సిగ్నల్ (క్షేత్రం ఎంత చురుగ్గా మారుతోందో చూపే లెక్క) మ్యాపు చేసి, రాయి అంచులు అందులో చూడండి.

పద్ధతి ఇది. ఒక మాగ్నెటోమీటరు బేస్‌లో నిమిషానికోసారి రాసుకుంటూ ఉండాలి. రెండోదాన్ని కర్రకు కట్టుకుని 50 నుంచి 100 మీటర్లకోసారి కొలుస్తూ నడవాలి. పగటిపూట క్షేత్రం దానంతటదే పదుల నానోటెస్లాలు మారుతుంది. బేస్ లేకుండా దాన్ని తీయలేం. అయస్కాంత తుఫాను ఉన్న రోజు పని ఆపేయండి.

దూరంగా ఉండాల్సినవి, స్థూలంగా:

- కరెంటు రైలు మార్గం: 300 నుంచి 500 మీటర్లు
- హైటెన్షన్ లైను: 200 మీటర్లు
- బోరు కేసింగు, ముళ్లకంచె, ఆగి ఉన్న వాహనం: 30 మీటర్లు
- కొలిచే మనిషి జేబులో ఫోను, తాళాలు, బెల్టు బకిలు: అసలు ఉండకూడదు

కొండపల్లి దగ్గర ఇది కష్టం. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను నుంచి వచ్చే లైన్లు, పక్కనే రైలు మార్గం. అక్కడ కొండకు అవతలి వైపు నుంచి లైను వేసుకోవడం మంచిది. గాబ్రో, క్రోమైట్ ఉన్న ప్రాంతం కాబట్టి ఆ శ్రమకు ఫలితం ఉంటుంది.

గుంటూరు నుంచి తూర్పుకు వెళ్లేకొద్దీ మాగ్నెటిక్ సర్వే ఉపయోగం ఇంకా పెరుగుతుంది. డెల్టా మట్టిలో అయస్కాంతత్వం దాదాపు లేనట్టే కాబట్టి, రేపల్లె వైపు వచ్చే అనామలీ (మామూలు విలువ నుంచి తేడా) చాలావరకు కింద దాగిన గట్టి రాయిదే.

8. ఎంటీ: రెండు రాత్రులు ఓపిక పట్టాలి

మాగ్నెటోటెల్యూరిక్, అంటే ఎంటీ, సహజంగా వచ్చే విద్యుదయస్కాంత తరంగాలతో లోపలి రెసిస్టివిటీని చూస్తుంది. ఎంత లోతు చూడగలమన్నది ఒక చిన్న లెక్క. రెసిస్టివిటీని తరంగం పీరియడ్‌తో గుణించి, వర్గమూలం తీసి, 503తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. ఒక సెకను పీరియడ్ తీసుకోండి. రేపల్లె ఉప్పుమట్టి రెసిస్టివిటీ 2 ఓమ్‌మీటర్లయితే 700 మీటర్లు. కొండవీడు రాయి 5,000 అయితే 35 కిలోమీటర్లు.

కాబట్టి డెల్టాలో చాలా పొడవైన పీరియడ్లు కావాలి, అంటే ఎక్కువసేపు రికార్డు చేయాలి. కొండల్లో ఒక సెకను చాలనిపిస్తుంది. అయితే సహజ సంకేతం బాగా బలహీనంగా ఉండేది ఒక సెకనుకు అటూఇటూ ఉన్న పీరియడ్లలోనే, కనుక అక్కడా రెండు రాత్రులు తప్పవు. పగలు వ్యవసాయ మోటార్లు నడుస్తాయి. త్రీఫేజ్ కరెంటు ఏ వేళల్లో ఇస్తారో లైన్‌మన్‌ను అడిగి రాసుకుంటే, ఏ గంటల డేటా పనికొస్తుందో ముందే తెలుస్తుంది.

నల్లరేగడిలో ఎలక్ట్రోడు పెట్టేటప్పుడు గుంటలో బెంటొనైట్, ఉప్పునీళ్లు కలిపిన ముద్ద వేయండి. ఎండిన రేగడి బీటలిచ్చి కాంటాక్టు తెగిపోతుంది. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే కాయిళ్లను అడుగు లోతున పూడ్చి, తీగలు గాలికి ఊగకుండా ప్రతి రెండు మీటర్లకూ మట్టి కప్పండి. స్థానిక రొదను విడదీయడానికి దూరంగా రిమోట్ రిఫరెన్సు స్టేషను ఒకటి అదే సమయంలో నడవాలి. తీరానికి దగ్గరగా చేస్తే సముద్రాన్ని కూడా మోడల్లో పెట్టాలి. లేకపోతే ఉప్పునీటి ప్రభావం లోతైన వాహకంలా కనిపిస్తుంది.

9. భూకంప తరంగాలు

సొంతంగా పేలుళ్లు జరిపి చేసే సర్వే విద్యార్థి ప్రాజెక్టుకు అందదు. రిసీవర్ ఫంక్షన్ పద్ధతి అందుతుంది. 30 నుంచి 90 డిగ్రీల దూరంలో, 5.5 పైన తీవ్రతతో వచ్చిన భూకంపాలు తీసుకోవాలి. జపాన్, ఫిలిప్పీన్స్ మనకు ఆ దూరంలోనే ఉన్నాయి. పి తరంగం మోహో దగ్గర కొంత ఎస్ తరంగంగా మారి, నాలుగైదు సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం నుంచి మందం తేలుతుంది.

ముందు హైదరాబాద్ జియోస్కోప్ (ఫ్రాన్స్ వారి భూకంప నెట్‌వర్కు) స్టేషను డేటాతో అభ్యాసం చేయండి. స్టేషను కోడు హెచ్‌వైబీ, డేటా అందరికీ అందుబాటులో ఉంది, దాన్ని చదివే ఒబ్స్‌పై సాఫ్ట్‌వేరు ఉచితం. అది నేర్చుకున్నాక సొంత సీస్మోమీటరు మాట. అది కొండ రాయి మీదే పెట్టండి. డెల్టా మట్టిలో తరంగాలు అటూఇటూ ప్రతిధ్వనించి మోహో సంకేతాన్ని ముంచేస్తాయి.

10. సవరణలు ఈ వరసలోనే

గ్రావిటీకి: చంద్ర సూర్యుల లాగుడు, డ్రిఫ్ట్, అక్షాంశం, ఫ్రీ ఎయిర్ (ఎత్తు వల్ల తగ్గిన ఆకర్షణ), బూగే పలక (స్టేషను కింది రాతి ఆకర్షణ), చివర్లో కొండల సవరణ. ప్రతి అంచె తర్వాత గ్రాఫు గీయండి. తప్పు ఏ అంచెలో దూరిందో అప్పుడే తెలుస్తుంది.

బూగే సాంద్రత అందరూ 2.67 వేస్తారు. డెల్టాలో ఎత్తు పది మీటర్లే కాబట్టి అక్కడ 2.00 వేసినా తేడా 0.3 దాటదు. కొండవీడు పైన 300 మీటర్ల ఎత్తులో 2.67 బదులు 2.80 వేస్తే 1.6 మిల్లీగాల్‌లు మారుతుంది. మూడో అంచెలో తూచిన రాళ్లు మొదటిసారి అక్కరకొచ్చేది ఇక్కడే. పటం అందరితో పోల్చడానికి 2.67తో ఒకటి, మీ రాళ్ల విలువతో ఇంకొకటి చేయండి.

11. మోడల్: ఒకే అంకెకు రెండు జవాబులు

గ్రావిటీలో అతి పెద్ద చిక్కు ఇది. డెల్టా మట్టి ఒక కిలోమీటరు మందం పెరిగి, కింది రాయితో సాంద్రత తేడా 0.4 ఉంటే, దాదాపు 17 మిల్లీగాల్‌లు తగ్గుతుంది. మోహో విశాలంగా ఒక కిలోమీటరు కిందికి జరిగి, అక్కడా తేడా 0.4 ఉంటే, తగ్గేది అదే 17. అంకె ఒక్కటే, లోతులో తేడా 35 కిలోమీటర్లు.

వీటిని విడదీయడానికి ఉన్న దారి గ్రాఫులోని వంపు పదును. లోతైన కారణం ఎప్పటికీ పదునైన వంపునివ్వలేదు. అనామలీ ఐదారు కిలోమీటర్లలో ఎక్కి దిగితే అది మోహో కాదు. కానీ వెడల్పుగా ఉన్నంత మాత్రాన లోతైనదనీ అనలేం. పైన వెడల్పుగా పరుచుకున్న మట్టి కూడా అలాంటి వంపే ఇస్తుంది.

మన లైనులో దీనికి సరైన ఉదాహరణ తెనాలి. చమురు అన్వేషణ మ్యాపుల్లో బాపట్ల–తెనాలి హార్స్ట్ అనే గట్టు కనిపిస్తుంది, అంటే మట్టి కింద గట్టి రాయి పైకి లేచి ఉంది. అక్కడ గ్రావిటీ పెరిగితే ముందు అనుమానించాల్సింది ఆ గట్టునే. దాన్ని మోడల్లో పెట్టకుండా భూపటలం పలచబడిందని రాస్తే మోడల్ డేటాకు చక్కగా సరిపోతుంది, తప్పుగా కూడా ఉంటుంది.

కాబట్టి పైనుంచి కిందికి పని చేయండి.

- మట్టి మందాన్ని బోర్లు, మాగ్నెటిక్, ఎంటీ నుంచి పెట్టి కదలకుండా ఉంచండి.
- ఉపరితలంలో కనిపించే రాళ్లకు మీరు తూచిన సాంద్రతలు వేయండి.
- మోహో లోతును సీస్మిక్ ఫలితం నుంచి ఒకటి రెండు చోట్ల బిగించండి.
- మిగిలిన తేడాను మధ్య భూపటలంలో సర్దండి. అక్కడ వేసే సాంద్రత మీ చార్నకైట్, గాబ్రో విలువల మధ్య ఉండాలి.
- ఆ హద్దులు దాటితే తప్ప కుదరడం లేదంటే పైన ఏదో తప్పుంది. ఈ జాబితాలో మొదటి అంశం దగ్గరికి వెళ్లండి.

లోతులో ఒత్తిడి వల్ల సాంద్రత కొంచెం పెరుగుతుంది, వేడి వల్ల కొంచెం తగ్గుతుంది. కోసిన రాయి విలువ వాడినప్పుడు ఈ రెండిటికీ 0.05 వరకు వెసులుబాటు ఇస్తే చాలు.

12. తరచూ వచ్చే చిక్కులు, సరిచేసే దారి

- *ఒక్క స్టేషను మాత్రమే గోపురంలా లేచింది.* ఎత్తు తప్పు. జీపీఎస్ ఫైలు చూడండి, తర్వాత పుస్తకంలో పరికరం ఎత్తు చూడండి.
- *ఒక రోజు స్టేషన్లన్నీ మెట్టులా జరిగాయి.* ఆ రోజు బేస్ కలపడంలో తప్పు. రెండు స్టేషన్లు మళ్లీ కొలిస్తే దిద్దుకోవచ్చు.
- *అనామలీ కొండ ఆకారంలోనే ఉంది.* బూగే సాంద్రత తప్పయి ఉండొచ్చు, లేదా కొండల సవరణ చాలలేదు. రాయి నిజంగానే బరువైనదేమో కూడా చూడండి.
- *మాగ్నెటిక్‌లో రంపపు పళ్లు.* రైలు లేదా కరెంటు లైను. ఫిల్టరు వేసి నునుపు చేయకండి, ఆ భాగం వేరే దారిలో మళ్లీ నడవండి.
- *ఎంటీ వక్రరేఖ ఒక దిశలో మొత్తంగా పైకి జరిగింది.* పైన ఉన్న చిన్న మట్టి జేబు ప్రభావం. ఆకారాన్ని నమ్మండి, ఎత్తును నమ్మకండి. పైపొర రెసిస్టివిటీతో సరిచేయండి.

13. రిపోర్టులో ఉండాల్సినవి

సవరించని రీడింగులు, ఫీల్డు పుస్తకం స్కాను, రాళ్ల సాంద్రత పట్టిక నమూనా స్థానాలతో సహా, ఏ సవరణకు ఏ విలువ వాడారో తెలిపే పేజీ. ఇవి లేని మోడల్‌ను తర్వాత వచ్చేవాళ్లు సరిచూడలేరు.

డేటాకు సరిపోయే మోడళ్లు రెండు వస్తే రెండూ వేయండి. వాటి కింద, ఏ ఒక్క కొలత చేస్తే రెండిట్లో ఒకటి తప్పని తేలుతుందో రాయండి. గుంటూరు తూర్పున అయితే అది తెనాలి, రేపల్లెల మధ్య ఒక ఎంటీ స్టేషను కావచ్చు. ఆ వాక్యంతోనే తర్వాతి బ్యాచి తన మొదటి అంచె మొదలుపెడుతుంది.